అల్లుడుగారి ముసలితనం

చినకొత్తలంక,
కొల్లేరు గట్టు.
ఆగస్టు 9

అల్లుడు జోగారావు గారికి,

మీ అత్తగారు వీరరాఘవమ్మ చెప్పి రాయిస్తున్నది. ముందు క్షేమమని రాయాలంది ఫిన్నీ. రాసుకోమన్నాను. ఫిన్నీ అంటే మా ఊరి పోస్టాఫీసులో కూర్చునే ఆవిడ. గీతాంజలి పోయిన రోజున మీకు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. మీరు తాగలేదు, గ్లాసు కింద పెట్టలేదు, అలాగే పట్టుకుని కూర్చున్నారు. ఆవిడే.

ఫోను చేయించకుండా ఉత్తరమేమిటని అనుకోకండి. నా చెవులు పోయాయి. ఫోనులో మీరు "ఆఁ, ఆఁ" అంటారు, అది కూడా నాకు వినపడదు. కాగితం మీదైతే "ఆఁ" అని తప్పించుకోవడానికి వీల్లేదు.

నా కూతురు పోయి ఏడాది కావస్తోంది. దాని సంగతి కాదు నేను చెప్పేది, మీ సంగతి. మీకు నలభై తొమ్మిది. గూడెంలో ఉల్లిపాయల కమీషన్ కొట్లో గుమస్తా. పింఛను లేదు, పిల్లల్లేరు, ఉండేది అద్దె ఇల్లు. గీతాంజలి కుట్టుమిషను తొక్కి దాచుకున్న డబ్బు మీ చేతికి వచ్చిందనీ, మీరు దాన్ని బ్యాంకులో ఎక్కడిదక్కడ వదిలేశారనీ, జీతంలో మిగిలింది కూడా ముట్టుకోవడంలేదనీ మీ కొట్టు యజమాని అబ్బులుగారే చెప్పారు. మా ఊరు పెళ్ళికొచ్చి, విస్తరి ముందు కూర్చుని మరీ చెప్పారు. "మనిషి వస్తున్నాడు, పోతున్నాడు, అంతేనమ్మా" అన్నారు.

అబ్బులుగారు మంచివారే. కాదనను. కానీ మీ చెయ్యి వణికి కాటా దగ్గర లెక్క తప్పిన రోజున ఆ మంచివారే "ఇక ఇంటిదగ్గర ఉండు జోగారావూ" అంటారు. ఏ ఇంటిదగ్గర? దానికి అద్దె ఎవరు కడతారు? మీకు జ్వరం వస్తే చారు ఎవరు పెడతారు? నాకు చెప్పండి.

నా వాదం ఇంతే. నెలనెలా ఇంత అని మీ ముసలితనానికి పక్కన పెట్టాలి. పాతికేళ్ళప్పుడు చేయాల్సిన పని, చేయలేదు, ఇప్పుడు చేయండి. నాకు జవాబు కావాలి. "చూద్దామండీ" అన్నది జవాబు కాదు.

(వేలిముద్ర) వీరరాఘవమ్మ


తాడేపల్లిగూడెం,
సెప్టెంబరు 3

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందిందండీ. ఆ రోజే జవాబు రాద్దామనుకున్నాను. ఏ రోజుకారోజు అలా వెళ్ళిపోయింది.

సంవత్సరీకం జరిగింది. మీకు నడుం నొప్పిగా ఉండి రాలేకపోయారని తెలిసింది. భోజనాలు బాగానే ఉన్నాయన్నారు.

కర్నూలు లారీలు వస్తున్నాయి. పొద్దున్నే కొట్టు తీస్తాం, వేలంపాట అవుతుంది, సాయంత్రానికి బస్తాలు వెళ్ళిపోతాయి. కొట్టు చిమ్మి తాళం వేస్తాం. మెస్సులో తింటున్నాను. ఎలా ఉందని అడిగితే చెప్పలేను. కడుపు నిండుతోంది.

మా వెనక వీధి రేహానాగారు తన జాకెట్టు గుడ్డ కోసం వచ్చారు. ఏడాది అడగలేదు పాపం, మొహమాటపడినట్టున్నారు. మిషను మీదే ఉంది. ఒక చెయ్యి అతికించి ఉంది. రెండో చెయ్యికి గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. అలాగే మడతపెట్టి ఇచ్చేశాను. వేరే ఎవరిచేతో కుట్టించుకుంటారట.

ముసలితనం గురించి రాశారు. మీరన్నది నిజమేనండీ. కానీ నాకు ముసలితనం వస్తుందని అనిపించడంలేదు. చచ్చిపోవాలని కాదు, కంగారు పడకండి. రేపు అన్నదాని మీద ధ్యాస నిలవడంలేదు. రేపు లారీ ఎప్పుడు దిగుతుందో తెలుసు. దాని అవతలిది ఆలోచించబోతే అక్కడ ఏమీ ఉండటంలేదు.

గీత డబ్బు మీ కూతురి కష్టం. మీకు పంపించేస్తాను. చిరునామా ఇదే కదండీ.

ఇట్లు,
జోగారావు


చినకొత్తలంక,
సెప్టెంబరు 20

జోగారావు గారికి,

ఈసారి క్షేమం రాయొద్దన్నాను.

మీ ఉత్తరం ఫిన్నీ నా చెవి దగ్గర అరిచి చదివింది. ఆవిడ అరిస్తే తప్ప నాకు వినపడదు, అరిస్తే మా వీధంతా వింటుంది. సాయంత్రానికి నలుగురు వచ్చి "మీ అల్లుడు డబ్బు పంపుతున్నాడటగా" అని అడిగారు. ఒకావిడ చేబదులు కూడా అడిగింది. ఇకమీదట ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాయండి.

నా కూతురి డబ్బు నాకు పంపుతారా? దాన్ని పెంచినందుకు నేను కూలి అడిగానా? పంపండి. వచ్చింది వచ్చినట్టే తిప్పి పంపుతాను, ఖర్చు మీ నెత్తిన వేస్తాను.

నడుం నొప్పి అబద్ధం. రాబుద్ధి కాలేదు. ఇంట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరాను. ఇప్పటి బియ్యంలో రాళ్ళుండవు, అయినా ఏరాను.

ముసలితనం వస్తుందని అనిపించడంలేదట. నాకూ అనిపించలేదండీ. అది మనల్ని అడిగి రాదు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషిని చెబుతున్నాను, వినండి.

మీరు కదలరని తెలిసి నేనే కదిలాను. ఫిన్నీని వెంటేసుకుని ఏలూరు బస్సెక్కి బ్యాంకుకి వెళ్ళాను. అక్కడ సాయిప్రియ అని ఒకమ్మాయి ఇలాంటివి చూస్తుంది. అందరి ముందూ గట్టిగానే అడిగాను, "నలభై తొమ్మిదేళ్ళ మనిషి, ఏబ్రాసి కాడు, తాగుబోతు కాడు, మొదలుపెడితే పనికొస్తుందా రాదా" అని. అక్కడున్న మగాళ్ళందరూ తలలు తిప్పి చూశారు. వాళ్ళలో సగంమంది మీ వయసువాళ్ళే, వినాలనే చూశారు. ఆ అమ్మాయి నవ్వకుండా చెప్పింది. ఫండ్లో నెలనెలా కొంత వేసుకుంటూ పోవచ్చట. ఒకసారి పెరుగుతుంది, ఒకసారి తగ్గుతుంది, పదేళ్ళు కదపకుండా ఉండాలట.

ఆలస్యమైందని మీరనొచ్చు. మా చెరువు సంగతి చెబుతాను. బొచ్చె చేప పిల్లని తెచ్చిన రోజే పెద్ద చెరువులో వదలరు. ఏడాది పాటు చిన్న కుంటలో ఇరుగ్గా కుక్కి ఉంచుతారు. తవుడు కూడా చాలీచాలకుండా వేస్తారు. ఏడాది గడిచినా జానెడు దాటదు. చూసినవాళ్ళు ఇది ఇక పెరగదనే అంటారు. ఆ పిల్లనే పెద్ద చెరువులో వదిలి మేత సంచులు కడితే, కొత్త పిల్ల కంటే వేగంగా పెరుగుతుంది. మా చెరువు కౌలుకి చేసే బుల్లిరాజు ఏటా చేసే పని ఇదే. మీరూ అంతే.

ఈ నెలలో వెళ్ళండి. వెళ్ళకపోతే నేను గూడెం వచ్చి మీ కొట్లో ఉల్లిబస్తాల మీద కూర్చుంటాను. అబ్బులుగారు నన్ను లేపలేరు.

(వేలిముద్ర) వీరరాఘవమ్మ


తాడేపల్లిగూడెం,
అక్టోబరు 18

అత్తయ్యగారికి నమస్కారాలు.

వెళ్ళానండీ. మొన్న కొట్టుకి సెలవైతే రైల్లో ఏలూరు వెళ్ళి వచ్చాను. సాయిప్రియగారికి మీరు బాగా గుర్తున్నారు.

చేపల సంగతి చెప్పాను. డబ్బు అలా పెరగదన్నారు. ఆలస్యంగా మొదలుపెట్టిన డబ్బు తొందరగా ఏమీ పెరగదట, దానికి ఉన్న ఏళ్ళే తక్కువ కాబట్టి మనమే ఎక్కువ వేయాలట. నా వయసుకి పెద్ద మొత్తం ఏమీ కాదనీ, గంజికి లోటుండకపోవచ్చనీ చెప్పారు. ఉన్నమాట చెప్పారనిపించింది. నెలకి మూడువేలు అన్నాను. నా జీతంలో అద్దె, మెస్సు పోగా ఆ పాటి మిగులుతుంది.

రిటైర్మెంటు ఎప్పుడని అడిగారు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని అరవై అన్నాను.

నామినీ అని ఒక గడి ఉందండీ. నాకేమైనా అయితే డబ్బు ఎవరికి ఇవ్వాలో ఆ పేరు రాయాలి. ఎవరూ తోచలేదు. మీ పేరు రాశాను.

మీరు చెప్పిన పని అయింది కదండీ. గీత డబ్బు మాత్రం అలాగే ఉంది.

ఇట్లు,
జోగారావు


చినకొత్తలంక,
నవంబరు 5

జోగారావు గారికి,

నా పేరు రాశారా? నా పేరా?

మీకేమైనా అయితే నేను బ్యాంకుకి వెళ్ళి, ఇదిగోనమ్మా మా అల్లుడు కూడా పోయాడు, ఆ డబ్బు ఇలా తే అని అడగాలా? పిల్ల పోయాక ఉన్నాను. ఒకసారి ఉన్నాను, చాలు. ఇంకొకరి తరవాత ఉండటం నా వల్ల కాదు. ఈ ముక్క ఇంత లావు అక్షరాలతో రాయమన్నాను. ఫిన్నీ రాసిందో లేదో నాకు తెలీదు, మీరు లావుగా ఉన్నట్టే చదువుకోండి.

ఆ పేరు కొట్టించేయండి. దారిన పోయేవాడి పేరు పెట్టండి.

చేపల సంగతి ఆ అమ్మాయికి తెలీదు. తెలిసిన పని చెప్పింది, సరే. గంజికి లోటుండదన్నది కదా, మా అత్తగారికి అదీ లేదు.

నెల తప్పకండి.

(వేలిముద్ర) వీరరాఘవమ్మ


తాడేపల్లిగూడెం,
ఫిబ్రవరి 24

అత్తయ్యగారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఫిన్నీగారూ, ఇది కొంచెం నెమ్మదిగా చదవండి, వీధిలోకి వెళ్ళకుండా.

నెలనెలా వేశానండీ. నాలుగు నెలలు తప్పలేదు. పోయినవారం మెస్సులో టీవీలో షేర్ల బజారు పడిపోతోందని చెప్పారు. ఫోనులో చూస్తే నేను వేసినదానికంటే తగ్గి ఉంది. సాయంత్రం కొట్టు చిమ్మి తాళం వేశాను. తాళం వేసి అక్కడే మెట్టు మీద కూర్చుని ఫోనులో మొత్తం తీసేశాను. ఉన్నదేదో వచ్చింది, కొంచెం పోయింది. నెల డబ్బు కూడా ఆపేశాను.

సాయిప్రియగారు ఫోను చేశారు. "ఎందుకు తీశారు సార్, పదేళ్ళు అనుకున్నాం కదా" అన్నారు. "నిలవుంటే పాడైపోతుందని" అన్నాను. "సార్, ఇది కుళ్ళే సరుకు కాదు కదా" అన్నారు.

అది నాకూ తెలుసండీ. కానీ ఇరవై ఆరేళ్ళ నుంచి నేను చేసింది ఒకటే పని. ధర జారడం మొదలైతే వచ్చినకాడికి అమ్మేయాలి. రేపు చూద్దామని ఉంచితే రేపటికి ధరా ఉండదు, సరుకూ ఉండదు. మొలకొస్తుంది, నీరుకారుతుంది, పక్క బస్తాని కూడా చెడగొడుతుంది. సాయంత్రానికి ఏదైనా మిగిలి ఉంటే నాకు నిద్ర పట్టదు. నా చెయ్యి తానే వెళ్ళిపోయింది.

మీరు తిడతారని తెలుసు. తిట్టండి. తీసేశాక బాధ కూడా కలగలేదు. కొట్టు ఖాళీ అయినట్టు అనిపించింది, అంతే.

ఒక్కటి అడగాలని ఉంది. ఆ కుంటలో ఏడాది ఉంచుతారన్నారు కదా. అన్నాళ్ళూ ఆ పిల్లలకి ఆకలి వేస్తుందాండీ?

ఇట్లు,
జోగారావు


చినకొత్తలంక,
మార్చి 11

జోగారావు గారికి,

తిట్టను.

మీరడిగింది నేనెప్పుడూ ఆలోచించలేదు. బుల్లిరాజుని అడిగితే నవ్వి, "చేపనే అడగండి దొడ్డా" అన్నాడు. మర్నాడు పొద్దున్నే కుంట గట్టుకి వెళ్ళి కూర్చున్నాను. ఒకదాని మీద ఒకటి తిరుగుతున్నాయి. ఆకలో కాదో పైకి ఏం తెలుస్తుంది. వాడు వచ్చి తవుడు చల్లాడు. మొహం తిప్పుకున్నది ఒక్కటీ లేదు. నేను చూసింది ఇది. దీనికంటే నాకు తెలీదు.

నా వాదం అయిపోయింది. మీ డబ్బు మీ ఇష్టం. ఫిన్నీకి వేరే పని ఉంది, ఊరికే కూర్చోబెట్టి రాయించడం బాగోదు. ఇకమీదట రాయించను. ఎండలు ముదురుతున్నాయి. మిట్టమధ్యాహ్నం లారీల దగ్గర నిలబడకండి.

(వేలిముద్ర) వీరరాఘవమ్మ

జోగారావు గారూ, ఇది ఫిన్నీని. ఈ కింద రాసేది పెద్దమ్మగారికి తెలీదు. ఆవిడ బీపీ మాత్రలు మానేసి చాలా రోజులైంది. పోయిన ఏడాది నుంచే సరిగ్గా వేసుకోవడంలేదు. మీ ఉత్తరాలు వస్తున్నన్నాళ్ళూ నా పోరు పడలేక ఒకటీ అరా మింగేవారు. ఇప్పుడు అదీ లేదు. మాత్రల డబ్బా బియ్యం డబ్బా వెనక దాచారు. అడిగితే "నాకెందుకే ఇంకా" అంటున్నారు. అన్నం కూడా అంతంతమాత్రమే. మిమ్మల్ని తిట్టాలన్నప్పుడు మాత్రం లేచి కూర్చునేవారు. ఈ ఉత్తరానికి లేవలేదండీ. పడుకునే చెప్పారు.


తాడేపల్లిగూడెం,
మార్చి 27

అత్తయ్యగారికి,

ఫిన్నీగారూ, ఈ ఉత్తరం మీరు ఎంత గట్టిగా అరవగలరో అంత గట్టిగా చదవండి. వీధి వినాలి. బుల్లిరాజు చెరువు గట్టు మీద ఉంటే వాడికీ వినపడాలి.

అత్తయ్యగారూ, నిన్న మళ్ళీ ఏలూరు వెళ్ళాను. సాయిప్రియగారిని ఒకటే అడిగాను, నేనొక్కణ్ణీ తీయడానికి వీల్లేకుండా ఏదైనా ఉందా అని. సాయంత్రమైతే నా చెయ్యి నా మాట వినదని చెప్పాను. ఇద్దరి పేరునా పెట్టుకోవచ్చన్నారు. తీయాలంటే ఇద్దరి సంతకాలూ పడాలి. రెండో పేరు ఎవరిదని అడిగారు. మీ పేరు చెప్పాను. వయసు చెప్పాను. పెన్ను కింద పెట్టేశారు. "సార్, వయసులో చిన్నవాళ్ళని పెట్టుకుంటారు, ఇలా ఎవరూ పెట్టరు" అన్నారు. చదువు రాదు, వేలిముద్ర అన్నాను. "అయితే కాగితాలు చాలా ఉంటాయి, ఆవిడ స్వయంగా రావాలి, ప్యాన్ కార్డు ఉండాలి" అన్నారు. చెరువు కౌలు కోసం బుల్లిరాజు మీకు తీయించిన కార్డు ఉందన్నాను. ఆవిడ కాగితాలు తీసి ఇచ్చారు.

నామినీగా వద్దన్నారు. నా తరవాత ఉండటం మీ వల్ల కాదన్నారు. నాకు ఆ రోజున అర్థం కాలేదండీ. చదివి మడతపెట్టేశాను. ఇప్పుడు అడిగేది అది కాదు. నా తరవాత వద్దు. నాతోపాటు.

బజారు పడిపోయినప్పుడు నేను తీసేయాలనుకుంటే రైలెక్కి, బస్సెక్కి, కొల్లేరు గట్టుకొచ్చి మిమ్మల్ని వేలిముద్ర అడగాలి. మీరు ఇవ్వరు. నాకు కావలసింది అదే.

అరవై వచ్చేదాకా తీయకూడదు. అప్పటికి మీకు ఎనభై తొమ్మిది. మీరు మాత్రలు మానేసి డబ్బా బియ్యం డబ్బా వెనక దాచారు. మాత్రలు వేసుకోనివాళ్ళు ఎనభై తొమ్మిదిదాకా రారండీ. నన్ను ముసలివాణ్ణి కమ్మని ఇన్ని ఉత్తరాలు రాయించి, మీరు మధ్యలో లేచిపోతారా? ఇదేం న్యాయమండీ? అబ్బులుగారి కొట్లో కూడా ఇలాంటి బేరం చూడలేదు.

కాబట్టి నా వాదం ఇంతే. ప్రతి నెలా మీరు మాత్రలు వేసుకున్నారని ఫిన్నీగారు ఒక కార్డు రాయాలి. కార్డు వస్తే డబ్బు వేస్తాను. రాని నెల వేయను. నేను వృద్ధాప్యంలో అడుక్కుతింటే ఆ పాపం మీది.

గీత డబ్బు తీసి బ్యాంకులోనే డిపాజిట్ చేశాను. ఆసుపత్రి ఖర్చులకని విడిగా ఉంచమన్నారు సాయిప్రియగారు. మీకో, నాకో, ఎవరికి ముందు అవసరమైతే వాళ్ళకి. ఆ కాగితం మీద గీత పేరు కొట్టేసి ఉంది. దాని కింద సంతకం పెట్టి, బయటికొచ్చి, ఊరి బయటికి, వట్లూరు వెళ్ళే ఆటో ఎక్కేశాను. స్టేషనుకి వెళ్ళాలన్న సంగతి దిగేదాకా గుర్తులేదు. అక్కడ రోడ్డు మీద నిలబడితే మెస్సులో పొద్దున తిన్న ఇడ్లీ పులిసిందని అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ అదే తింటున్నాను కాబోలు.

ఏ రోజు రమ్మంటారో రాయించండి.

ఇట్లు,
జోగారావు


చినకొత్తలంక,
ఏప్రిల్ 4

జోగారావు గారికి,

ఫిన్నీతో రెండు రోజులు మాట్లాడలేదు. నా నోటి మాట రాయడానికి కూర్చోబెడితే సొంత మాట రాస్తుందా? మాట్లాడకపోతే ఈ ఉత్తరం రాసే దిక్కులేదు కాబట్టి మాట్లాడాను. ఇప్పుడు కూడా నవ్వుతూ రాస్తోంది.

మీ ఉత్తరం చదివితే వీధి వీధంతా మా అరుగు మీదే ఉంది. పొద్దున్నే ఒకరు, మధ్యాహ్నం ఒకరు వచ్చి "మాత్ర వేసుకున్నావా" అని అడుగుతున్నారు. చేబదులు అడిగినావిడ కూడా అడిగింది. బుల్లిరాజు మేత వేసి వెళ్ళేటప్పుడు గట్టు మీదనుంచే కేకేస్తున్నాడు. వీళ్ళ బాధ పడలేక వేసుకుంటున్నాను. మీ గురించి కాదు.

ఎనభై తొమ్మిది అంటే మావాళ్ళలో ఎవరూ చూడలేదు. "ప్రయత్నిస్తాను" అని రాయనా అంది ఫిన్నీ. వద్దన్నాను. చేతకాని మాటలు నేను చెప్పను. ఈ నెల కార్డు మాత్రం రాయమన్నాను, ఇందులోనే పెట్టాం, చూసుకోండి.

ఆ కాగితం మీద దాని పేరు కొట్టేశారని రాశారు. ఆ ముక్క ఫిన్నీ అరవలేకపోయింది. నాకు వినపడకుండానే తెలిసింది. తరవాత వంటింట్లోకి వెళ్ళి అన్నం పెట్టుకున్నాను. పప్పులో ఉప్పు లేదు. ఎవరు చేశారని గట్టిగా కేకలేశాను. ఆ పప్పు నేనే చేశాను. ఎన్నాళ్ళనుంచి అలా చేస్తున్నానో.

ఆదివారం బ్యాంకు ఉండదట, సోమవారం రండి. బస్సు వద్దు, నడుం నిజంగానే నొప్పిగా ఉంది, ఆటో మాట్లాడండి. ఆ ప్యాన్ కార్డు తీసి కొంగున కట్టుకున్నాను. వేలు కడుక్కుని సిద్ధంగా ఉంటాను. కానీ బజారు పడిందని మీరు పరిగెత్తుకొస్తే మాత్రం ఆ వేలు చూపించను, కర్ర చూపిస్తాను.

వచ్చేటప్పుడు ఒక సంచీ ఉల్లిపాయలు తెండి. మంచివి వద్దు. మొలకలొచ్చాయని మీ కొట్లో పక్కన పడేస్తారే, అవి. పెరట్లో నాటతాను. వానలు పడేనాటికి కాడలు కోసుకోవచ్చు.

(వేలిముద్ర) వీరరాఘవమ్మ